రగ్బీలో పెద్దరికం

రాష్ట్ర పదమూడుగురి రగ్బీ పరిషత్తు తొలి లీగు పోటీలు మొదలైన రోజునే పరిషత్తు అధ్యక్షులవారి నడుము విరిగినంత పనయింది. ఆ పని చేసినవాడు బోని పైడిరాజు. చేయమని నేర్పినవారు గంట్యాడ సన్యాసిరావు మాస్టారు.

మాస్టారు మెట్టవలస డిగ్రీ కాలేజీలో వ్యాయామ అధ్యాపకులు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఈల ఊదడమే తప్ప ఏ ఆటా ఆడి ఎరగరు. కబడ్డీ నేర్పమని పైనుంచి కాగితం వస్తే కబడ్డీ నేర్పారు. విలువిద్య అని వస్తే విలువిద్య నేర్పారు. రగ్బీ అని వచ్చినప్పుడు కూడా కంగారు పడలేదు, ఫోనులో ఒక వీడియో చూశారు. జట్టుకు పదమూడు మంది. కోడిగుడ్డు ఆకారంలో బంతి. దాన్ని పట్టుకుని పరిగెత్తి అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే పాయింట్లు. ఆ లోపల అవతలి జట్టువాళ్లు ఆ మనిషిని పట్టి పడెయ్యాలి. ఓస్, ఇంతేనా అనుకుని, మామిడి మండీలో బుట్టలు మోసే కుర్రాళ్లను పోగుచేసి, వేసవంతా ఒకే పాఠం చెప్పారు.

"బంతి ఎవడి చేతిలో ఉంటే వాణ్ణి పడెయ్యండి. మనిషిని చూడొద్దు. బంతిని చూడండి."

పైడిరాజు ఆ పాఠం తు.చ. తప్పకుండా ఒంటబట్టించుకున్నాడు. ఇరవై రెండేళ్లవాడు. బుట్టలు మోసి మోసి వాడి మెడ అప్పుడే ఒక పక్కకు ఒరుగుతోంది. జాతీయ శిబిరానికి ఎంపికైతే క్రీడాకోటాలో ఉద్యోగం వస్తుందని, మెడ నిటారుగా నిలబెట్టుకోవడానికి ఇంకో దారి లేదని మాస్టారే వాడికి ఆశపెట్టారు.

ప్రారంభోత్సవంలో అధ్యక్షులు వేమూరి పుండరీకాక్షరావుగారు పట్టుపంచె కట్టుకుని, కండువా వేసుకుని, బంతిని రెండు చేతులా పట్టుకుని, ఫొటోగ్రాఫర్ల వైపు నవ్వుతూ మైదానంలో కొంతదూరం నడవాలి. అంతవరకే కార్యక్రమం. ఆయన నడక అందుకున్నారో లేదో పైడిరాజు బంతిని చూశాడు. మనిషిని చూడలేదు.

జనమంతా "అయ్యయ్యో" అన్నారు. మాస్టారు కూడా పైకి అలాగే అన్నారు గానీ, లోపల "శెభాష్" అనుకున్నారు. నడుం దగ్గర చుట్టేసి, భుజం ఆనించి, పంచె అంచు కూడా చెదరకుండా వాడు పడేసిన తీరు వీడియోలో కూడా లేదు.

అంబులెన్సు వెళ్లిపోయాక పైడిరాజు బిక్కమొహం వేసుకుని వచ్చాడు.

"మీరే సెప్పినారు గదండీ మాస్టారూ, మనిసిని సూడొద్దని."

"మనిషిని చూడొద్దన్నాను. కండువాని చూడొద్దని అన్నానట్రా?" అన్నారు మాస్టారు. అని, తను చెప్పినదాంట్లో ఇంత పెద్ద లోపం ఉందని అప్పుడే తెలుసుకున్నారు.

సాయంత్రానికల్లా పైడిరాజు మీద జీవితకాల నిషేధం సిద్ధమవుతోందని కబురొచ్చింది. మాస్టారు బత్తాయిలు కొనుక్కుని ఆసుపత్రికి పరిగెత్తారు. అధ్యక్షులవారు నడుముకు వెడల్పాటి బెల్టుతో వెల్లకిలా పడుకుని ఉన్నారు.

"సన్యాసిరావుగారూ, ఇది నా నడుముకు సంబంధించిన విషయం కాదు," అన్నారు పైకప్పుకేసి చూస్తూ. "వ్యక్తిగా నేను ఆ కుర్రవాణ్ణి ఏనాడో క్షమించాను. కానీ వ్యవస్థగా నేను వాణ్ణి క్షమించలేను. పెద్దలను చూస్తే లేచి నిలబడే జాతి మనది. పెద్దలనే పడగొట్టే స్థాయికి దిగజారిపోతే, ఇక ఈ సమాజం ఏ దిశగా పయనిస్తున్నట్టు?"

మాస్టారి బుర్ర చురుగ్గా పనిచేసిన సందర్భాలు జీవితంలో తక్కువ. ఆ రోజు పనిచేసింది. అదే కొంప ముంచింది.

"తప్పు కుర్రాడిది కాదండి, ఆటది," అన్నారు బత్తాయి వలుస్తూ. "రూలు పుస్తకమంతా చదివానండి. పెద్దల పట్ల గౌరవం అనే అధ్యాయమే లేదు. రాసుకున్న దేశంలో చిన్నా పెద్దా లేదాయె. పుస్తకంలో లేనిది పాపం కుర్రాడు ఎక్కణ్ణుంచి పాటిస్తాడండీ?"

అధ్యక్షులవారు నడుము సంగతి మరిచిపోయి లేచి కూర్చున్నారు. నిషేధం ఎగిరిపోయింది. దాని స్థానంలో మర్నాడే అన్ని జట్లకూ ఉత్తర్వు అందింది.

"ఆటలో చిన్నవారు తమకంటె వయసున పెద్దవారి మీద చేయి వేయరాదు. పెద్దవారు బంతితో విచ్చేయుచున్నప్పుడు చిన్నవారు వినయపూర్వకముగా చేతులు కట్టుకొని పక్కకు తొలగవలెను. పెద్దవారు చిన్నవారిని పడగొట్టినచో దానిని ఆశీర్వచనముగా స్వీకరించవలెను."

ఒక కుర్రాడి బతుకు నిలబెట్టానన్న సంతోషంతో మాస్టారు ఆ ఉత్తర్వు తీసుకెళ్లి భార్య వరహాలమ్మకు చదివి వినిపించారు. ఆవిడ చింతపండు పిసుకుతూ మొత్తం విన్నది.

"బంతి పట్టుకున్నోణ్ణి పట్టుకోకపోతే ఇంకాడీదేటండీ?"

"ఆడతారు. గౌరవంగా ఆడతారు," అన్నారు మాస్టారు.

మొదటివారం మ్యాచ్‌లు కొంచెం నత్తనడక నడిచాయి. కుర్రాళ్లందరూ ఇంచుమించు ఒకే ఈడువాళ్లు. బంతితో వచ్చేవాడి వెంటబడి, పట్టుకోబోయే ముందు "అన్నా, నీదే సంవత్సరం?" అని అడగాల్సి వచ్చేది. సంవత్సరం ఒకటే అయితే నెల అడగాలి. ఈ లోపల వాడు వెళ్లి పాయింట్లు తెచ్చుకునేవాడు. ఇద్దరూ పరిగెత్తుతూనే జాతకాలు చెప్పుకోవడం చూసి, ఇది ఆటో పెళ్లిచూపులో జనానికి అర్థం కాలేదు.

ఉత్తర్వులోని కిటుకును ముందుగా కనిపెట్టింది కొండపేట జట్టు. వాళ్ల కోచ్‌గారి బావమరిది, ట్రాక్టర్ల షోరూము యజమాని, నలభై దాటిన మనిషి, ఒక చంకలో బంతి పెట్టుకుని ఇంకో చేత్తో ఫోను మాట్లాడుకుంటూ మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్లాడు. అవతలి జట్టు మొత్తం చేతులు కట్టుకుని దారి ఇచ్చింది. ఆయన గీత దాటాక కూడా ఫోను మాట్లాడుతూనే ఉంటే, రిఫరీ వెళ్లి "బాబాయిగారూ, ఒకసారి వంగి బంతి నేలకు తాకించండి" అని బతిమాలుకున్నాడు.

ఇక చూడండి. పదిహేను రోజుల్లో లీగులో నలభై లోపు వాడు కనిపిస్తే ఒట్టు. జట్లు బాబాయిలనూ మావయ్యలనూ వెతుక్కున్నాయి, తర్వాత తాతలను వెతుక్కున్నాయి. మైదానం పక్కన బిపి చూసే యంత్రం వెలిసింది. విరామంలో నిమ్మకాయలకు బదులు రాగిజావ ఇచ్చారు.

మెట్టవలస జట్టులోకి మాస్టారు స్వయంగా దిగారు. ఇతర జట్ల బాబాయిల ధాటికి తట్టుకోవాలంటే తప్పలేదని అందరికీ చెప్పారు. ఆ చొక్కా వేసుకోవాలని తనకే ఉబలాటంగా ఉందని ఎవరికీ చెప్పలేదు. వెనక ఏడో నంబరు. ముందు, పొట్ట మీద, ఊరి పక్కనున్న దాణా కంపెనీ ప్రకటన.

మొదటిసారి బంతి పట్టుకుని గీత దాటినప్పుడు మెట్టవలస నుంచి వచ్చిన జనం ఈలలు వేశారు. ఇన్నేళ్లూ ఆయన ఊదిన ఈలలన్నీ ఒక్కసారి వడ్డీతో తిరిగొచ్చినట్టయింది. ఆ రాత్రి చొక్కా విప్పకుండానే అన్నం తిన్నారు.

"ఎడమవైపు నుంచి అలా కోసుకుంటూ వెళ్లిపోయాను వరహాలూ, ఒక్కడు అడ్డం రాగలిగితేనా!"

"రావొద్దని మీరే గదండీ రూలెట్టించారు," అంది ఆవిడ, మజ్జిగ పోస్తూ.

ఆయనకు తెలియక కాదు. దరిదాపుల్లోకి వచ్చిన ప్రతివాడూ చేతులు కట్టుకుని నిలబడ్డాడని తెలుసు. కానీ చప్పట్లు చప్పట్లే కదా. అవి విన్నాక నిజం ఒప్పుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు.

ఇక్కడ ఒక చిక్కొచ్చి పడింది. మనవాళ్లలో నలభై దాటిన ప్రతి మనిషికీ రెండు వయసులుంటాయి. ఒకటి అసలుది, ఇంకోటి బళ్లో వేసేటప్పుడు అయ్యవారు ఉదారంగా తగ్గించి రాసింది. జన్మంతా ఆ తగ్గించినదాన్నే కళ్లకద్దుకుని బతికినవాళ్లు, ఉద్యోగంలో ఒక ఏడాది కలిసొస్తుందంటే ఇంకొంచెం తగ్గించుకునేవాళ్లు, ఈ లీగు పుణ్యమా అని చరిత్రలో మొదటిసారి వయసు పెంచమని క్యూ కట్టారు. ఒకాయన పెద్ద తుపాను ఏడాది పుట్టానని మేనత్తను సాక్ష్యం తెచ్చాడు. అవతలి జట్టాయన తను ఆ తుపానులో ఈత కొట్టానన్నాడు.

ఈ తగాదాలు తీర్చడానికి పరిషత్తు వేసిన వయోనిర్ధారణ ఉపసంఘం రెండు మ్యాచ్‌లకే సొమ్మసిల్లింది. అప్పుడు పుండరీకాక్షరావుగారు తమ దూరదృష్టితో మరొక ఉత్తర్వు వదిలారు. "పెద్దల మాటే ప్రమాణము. తమ వయసు ఇంత అని పెద్దలు సెలవిచ్చిన పిమ్మట దానిని ప్రశ్నించుట పెద్దలకు ఎదురు చెప్పుటయే యగును. అట్టి ధిక్కారమును పరిషత్తు సహించదు."

ఆ తర్వాత అందరికీ వారం వారం పుట్టినరోజులే. మాస్టారు సర్టిఫికెట్ ప్రకారం యాభై తొమ్మిది, నిజానికి అరవై రెండు. సెమీఫైనల్లో ఎదుటి జట్టాయన అరవై ఆరు అనేసరికి నాలుక తడబడకుండా అరవై ఎనిమిది అన్నారు.

"కాలేజీలో యాభై తొమ్మిది, మైదానంలో అరవై ఎనిమిది, అద్దం ముందర నలబై," అని లెక్కపెట్టింది వరహాలమ్మ. "నానెవులితో కాపరం సేత్తన్నానో కొంచెం సెప్పండి."

ఈ వైభవంలో పైడిరాజు సంగతి ఎవరికీ పట్టలేదు. లీగు మొత్తం మీద వాడే చిన్నవాడు. కాబట్టి వాడు పడెయ్యదగిన మనిషి రాష్ట్రంలో లేడు. పెద్దలు ఆడుతుంటే వాళ్ల కళ్లజోళ్లు, బిపి మాత్రలు, సెల్‌ఫోన్లు ఒళ్లో పెట్టుకుని గీత బయట కూర్చునేవాడు. అది చాలదన్నట్టు, ఫైనల్‌కు చేరిన లంకల జట్టులో పెద్దల సేవకు కుర్రాళ్లు కరువయ్యారని, మెట్టవలసలో ఒకడు ఖాళీగా ఉన్నాడని, వాణ్ణి డెప్యుటేషన్ మీద పంపమని పరిషత్తు కోరింది. మాస్టారు ప్రాక్టీసుకు ఆలస్యమవుతోందన్న తొందరలో సంతకం పెట్టేశారు. ప్రాక్టీసంటే నడక.

"వెళ్లి రారా. నాలుగు ఊళ్లు చూసినట్టు ఉంటుంది," అన్నారు.

"నాకు ఊళ్లెందుకండీ," అన్నాడు పైడిరాజు. "పైనలుకి డిల్లీ నించి సెలెట్రులొత్తారంట గదా. ఒక్కణ్ణయినా పడేసి సూపించకపోతే నన్నెవలు తీసుకుంటారండీ? మల్లీ మండీకే గదా."

మాస్టారు వాడి మెడ కేసి చూసి, చూడనట్టు చేతి గడియారం చూసుకున్నారు. ఆ సిగ్గు మాత్రం ఫైనల్ దాకా ఆయన్ను వదల్లేదు.

ఫైనల్‌కు లంకల జట్టు కుంపట్ల సోమయ్యగారిని దించింది. తనకు ఎనభై మూడని ఆయన సెలవిచ్చారు. ఇంకెవరు నోరెత్తుతారు? ఆట మొదలవగానే బంతి ఆయన చేతికిచ్చారు. ఆయన చేతికర్ర ఆనించుకుంటూ, ఎదురైనవాళ్లనల్లా "మీదే ఊరు బాబూ, ఏ ఇంటివారు?" అని పలకరించుకుంటూ, మధ్యలో మజ్జిగ తాగడానికి ఆగుతూ, సగం ఆట పూర్తయ్యేసరికి గీత దాటారు. మెట్టవలస పెద్దలు పదమూడుగురూ చేతులు కట్టుకుని ఆయనను సాగనంపారు. పై వరసలో కూర్చున్న ఇద్దరు సెలెక్టర్లలో ఒకాయన నిద్రపోయాడు. రెండో ఆయన అది చూసి అసూయపడ్డాడు.

రెండో సగంలో మళ్లీ బంతి అందుకున్న సోమయ్యగారు కొంతదూరం వచ్చి, కాళ్లు లాగి, గడ్డి మీద చతికిలబడ్డారు. ఆయన చేతిలోంచి బంతి లాక్కునే సాహసం ఎవరికీ లేదు. ఆట ఆగిపోయింది. ఆయనే జాలిపడి దగ్గర్లో ఉన్న మాస్టారిని పిలిచారు.

"ఇదిగో అబ్బాయ్, ఇది నా వల్ల అయ్యేలా లేదు గానీ, కాసేపు నువ్వాడుకోవయ్యా."

బంతి మాస్టారి చేతికొచ్చింది. లంకల పెద్దలు దూరంగా నీడపట్టున ఉన్నారు. మాస్టారికీ గీతకూ మధ్య ఉన్నది ఒక్కడే. జట్టు సంఖ్య చాలలేదని లంకలవాళ్లు ఆఖరి నిమిషంలో చొక్కా తొడిగి నిలబెట్టిన డెప్యుటేషన్ కుర్రాడు. సోమయ్యగారు చతికిలబడగానే అందుకున్న ఆయన కర్ర చంకలో పెట్టుకుని, మాస్టారిని చూడగానే చేతులు కట్టుకుని పక్కకు జరిగాడు.

నడిచి వెళ్లిపోవచ్చు. పాయింట్లు సమమైనా, సీజను మొత్తం మీద ముందున్నది కాబట్టి కప్పు మెట్టవలసదే. మాస్టారు తలెత్తి చూస్తే పై వరసలో సెలెక్టర్లు సంచులు సర్దుకుంటున్నారు.

"ఒరేయ్ పైడిరాజూ," అన్నారు ఆగిపోయి. "పడెయ్యరా నన్ను."

"తప్పండి మాస్టారూ. మీరు పెద్దోరు."

"నీకేం నేర్పాన్రా నేను?"

"అది పాత రూలండి."

"ఆ రూలు మార్పించిన వెధవను నేనేరా! ఈ చొక్కా మీద మోజుతో నీ బతుకు గీత బయట కూర్చోబెట్టిన వెధవను కూడా నేనే. వాళ్లు వెళ్లిపోతున్నారు. నన్ను చూడొద్దు, బంతిని చూడు!" అని అరిచి, అరవై రెండేళ్ల జీవితంలో మొదటిసారి మాస్టారు నిజంగా పరిగెత్తారు.

పైడిరాజు కర్ర పారేశాడు.

ఆ తర్వాత ఏమైందో మాస్టారికి ముక్కలు ముక్కలుగానే గుర్తు. ఆకాశం ఒకసారి కాళ్లకిందకు వచ్చింది. ఊపిరి ఎటో పోయింది. ఎడమ పక్కటెముక ఒకటి పుటుక్కుమంది. ఇంత నొప్పి పుట్టే పనినా తను వేసవంతా కుర్రాళ్ల చేత నవ్వుతూ చేయించింది అనుకున్నారు. అయినా ఆయనకు భలే ఆనందంగా ఉంది. పై వరసలో సెలెక్టర్లు ఇద్దరూ లేచి నిలబడి ఉన్నారు.

రిఫరీ ఈల ఊదాడు. పుండరీకాక్షరావుగారు నడుము బెల్టుతో, మైకుతో మైదానంలోకి విచ్చేశారు.

"ఇది క్షమించరాని, చరిత్ర క్షమించని ఘటన! ఈ వ్యక్తిపై జీవితకాల నిషేధం..."

"ఒక్క మాటండి," అన్నారు మాస్టారు పడుకునే. "తప్పేం జరగలేదు. చిన్నవాడు పెద్దవాడి మీద చేయి వేయకూడదన్నది ఉత్తర్వు. పైడిరాజుకు ఇరవై రెండు. నాకు పందొమ్మిది."

అధ్యక్షులవారు ఆయన మీదకు వంగబోయి, బెల్టు అడ్డమొచ్చి ఆగారు.

"సన్యాసిరావుగారూ, తమరి తలకేమైనా..."

"తల బాగానే ఉందండి. పక్కటెముకే పోయింది."

"సెమీఫైనల్లో తమరు అరవై ఎనిమిదని సెలవిచ్చారు!"

"అప్పుడది సెలవిచ్చాను. ఇప్పుడిది సెలవిస్తున్నాను."

ఉపసంఘం తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడింది. ఈయన పెద్దవాడైతే ఈయన మాటకు ఎదురు చెప్పకూడదు, కాబట్టి పందొమ్మిదే. పెద్దవాడు కాకపోతే అసలు నేరమే లేదు. పోనీ ఈ ఒక్క మాటను ప్రశ్నిద్దామా అంటే, మైదానంలో ఉన్న పెద్దలందరూ ఒక్కసారి ఇబ్బందిగా కదిలారు. సోమయ్యగారు నిజానికి డెబ్బై నాలుగు. ఆయన గట్టిగా దగ్గి, "పెద్దల మాట పెద్దల మాటేనండి" అన్నారు.

అధ్యక్షులవారు బెల్టు బిగించుకుని, మైకు సర్దుకున్నారు. చివరకు తీర్పు చెప్పారు. "పెద్దలైన శ్రీ సన్యాసిరావుగారు తాము చిన్నవారమని సెలవిచ్చినందున, పెద్దల మాటను శిరసావహించి, వారిని చిన్నవారిగా గుర్తించడమైనది. చిన్నవారై ఉండి సీజను పొడుగునా పెద్దల నడుమ నుంచి అవినయంగా నడిచిపోయినందున వారు సంపాదించిన పాయింట్లన్నీ రద్దు. కప్పు లంకల జట్టుది. బహుమతి ప్రదానంలో శ్రీ సన్యాసిరావు పెద్దలకు మంచినీళ్లు అందించవలెను."

మాస్టారు పక్కటెముకకు కట్టు కట్టించుకుని గ్లాసులు అందించారు. మెట్టవలస జట్టులో ఒక్కరూ ఆయన చేతి నీళ్లు తాగలేదు. కప్పు పోగొట్టినవాడి మొహం చూడ్డానికి కూడా ఎవరికీ మనసు రాలేదు.

సెలెక్టరు పైడిరాజు పేరు రాసుకుంటూ ఈ సీజన్లో ఎంతమందిని పడేశావని అడిగాడు.

"ఇద్దర్నండి," అన్నాడు వాడు నిజాయితీగా. "ఒకలు మా మాస్టారు. ఒకలు అద్దెచ్చులు."

అది చాలునన్నారు. పై నెల శిబిరానికి రమ్మన్నారు.

తిరుగు ప్రయాణంలో జట్టు బస్సు కిక్కిరిసి ఉంది. పెద్దలందరూ ఈడు ప్రకారం కిటికీల పక్కన కూర్చున్నారు. ఒక్కరూ మాస్టారి వైపు తిరగలేదు. ఆయన పైకమ్మీ పట్టుకుని, బస్సు గోతిలో పడ్డప్పుడల్లా పళ్లు బిగపట్టుకుంటూ నిలబడ్డారు. డెప్యుటేషన్ ముగిసి తిరిగొస్తున్న పైడిరాజు వెనక సీట్లోంచి లేచాడు.

"కూకోండి మాస్టారూ."

"నువ్వే కూర్చోరా. నాకు పందొమ్మిది. మైకులో విన్లేదూ? నువ్వు నాకన్నా పెద్దవాడివి."

"సాల్లెండి, నొప్పితో సచ్చిపోతన్నారు. కూకోండి."

"కూర్చోను. ఇన్నాళ్లూ నిన్ను నిలబెట్టి నేను కూర్చున్నాను. చాలు."

బస్సు ఇంకో గోతిలో పడింది. మాస్టారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పైడిరాజు అటూ ఇటూ చూశాడు. నుదుటి మీద చెమట తుడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకుని అన్నాడు.

"ఒరే తమ్ముడూ, పెద్దోణ్ణి సెప్తన్నాను. నోర్మూసుకుని కూకో."

మాస్టారు కూర్చున్నారు.